మంచం, బీరువాతో సహా అరూసా

ఆ గురువారం పొద్దున హాజీ ఉకాషా పెట్టుకున్న పని ఒక్కటే. ఉడికించిన ఫూల్ గింజలు, రొట్టె తిని, టీ తాగి, కార్ఖానా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినపడే లోపల కొడుకు హైసమ్ అయిదు సెట్లు అమ్ముతాడో లేదో చూడాలి. కూర్చోవడం, చూడడం. ఆయన వయసుకి తగ్గ పనే.

ఈజిప్టులోని మా తంతా ఊళ్ళో ఉకాషా అరూసా అంటే మా వీధివాళ్ళందరికీ తెలుసు. ప్రవక్త పుట్టినరోజు మౌలిద్ పండగకి ఆడపిల్లకి బొమ్మ కొనివ్వాలంటే ఆయన దగ్గరికే వస్తారు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ బొమ్మ, గంట బోర్లించినట్టు గౌను, వీపు వెనకాల మూడు కాగితపు విసనకర్రలు. నలభై ఏళ్ళుగా ఆ కార్ఖానాలో ఇంకో వస్తువు తయారు కాలేదు. మా భాషలో బొమ్మనీ అరూసా అంటాం, పెళ్లికూతుర్నీ అరూసా అంటాం. ఎవరు ఏ అరూసా గురించి మాట్లాడుతున్నారో వింటే తెలిసిపోతుంది. అందులో ఎప్పుడూ ఎవరూ తికమక పడలేదు. హైసమ్ కామర్సు చదివి వచ్చేదాకా పడలేదు.

హైసమ్ బాధ వేరే. "ఏడాదికి రెండు నెలలు బొమ్మలు అమ్ముతాం. మిగతా పది నెలలు గౌన్లు కుట్టుకుంటూ కూర్చుంటాం. దీన్ని కంపెనీ అంటారా నాన్నా? ఇంత పేరున్నవాళ్ళం బొమ్మ ఒక్కటే పట్టుకుని వేలాడతామా?"

"బొమ్మే మనల్ని పట్టుకుని ఉందిరా," అంది మేనత్త తఫీదా. "అదే వదిలేస్తే నువ్వెక్కడ పడతావో చూసుకో."

హైసమ్ అప్పటికే చెయ్యాల్సింది చేసేశాడు. దిమ్యాత్ వెళ్ళి అక్కడి వడ్రంగుల చేత మూడు వందల సెట్లు చేయించుకొచ్చాడు. సెట్టు అంటే బొమ్మకి కాపురం. జానెడు మంచం, దానికి తగ్గ బీరువా, అద్దం బల్ల, ఫ్రిజ్, నాలుగు బర్నర్ల గ్యాస్ పొయ్యి. బీరువా తలుపు తీస్తే లోపల హ్యాంగర్లు కూడా ఉన్నాయి. వడ్రంగులు అసలు పనితనం చూపించారు. ఆ సెట్లు నడవలోనూ మెట్ల మీదా నిండిపోయి, చివరికి హాజీ ఉకాషా మంచం కిందకి కూడా చేరాయి.

"రేపు బొమ్మకి బాత్రూము కూడా కడతావా?" అని అడిగింది తఫీదా.

"ఎందుకు కట్టకూడదత్తా? మంచి ఆలోచన," అని హైసమ్ జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

అసలు గొడవ గది గురించి. సెట్లు అందంగా పేర్చి చూపించడానికి హైసమ్‌కి కుట్టుగది కావాలి. వీధి వైపు కిటికీలున్న గది అదొక్కటే. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే తఫీదా అన్న ఇంటికి వచ్చి, ఆ గదిలో కుట్టుమిషను ముందు కూర్చుంది. అప్పట్నించీ లేవలేదు. ఇప్పుడు ఆమె కింద ఎనిమిది మంది ఆడవాళ్ళు కుడుతున్నారు. గది పోతే వాళ్ళందరూ డాబా మీదకి, పావురాల గూటి పక్కకి మారాలి. మిషన్ల మీద పావురాలు ఏం చేస్తాయో అందరికీ తెలుసు.

హాజీ ఉకాషా కొడుకు మాటా కాదనలేడు, చెల్లెలి మాటా కాదనలేడు. అందుకని తీర్పు దేవుడి మీద, కొనేవాళ్ళ మీద వదిలేశాడు. "గురువారం సాయంత్రం మగ్రిబ్ అజాన్ లోపల అయిదు సెట్లు అమ్ముడైతే గది హైసమ్‌ది. కాకపోతే మంచాలు దిమ్యాత్ వెళ్ళిపోతాయి, మళ్ళీ ఆ ఊసు ఎత్తకూడదు."

తఫీదా వెంటనే ఒప్పుకుంది. అది రంజాన్ అయిపోయాక వచ్చే షవ్వాల్ నెల. మౌలిద్‌కి ఇంకా అయిదు నెలలుంది. షవ్వాల్‌లో మౌలిద్ బొమ్మ ఎవరు కొంటారు? షవ్వాల్‌లో ఊరంతా చేసేది పెళ్లిళ్ళు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, హైసమ్‌కీ తెలుసు. తెలిసి కూడా ఇద్దరూ దాని గురించి ఆలోచించలేదు.

ఊరంతా చాటింపు వెయ్యడానికి హైసమ్ ఫర్ఘలీని మాట్లాడాడు. ఫర్ఘలీ దగ్గర మూడు చక్రాల బండి, దాని మీద మైకు ఉన్నాయి. మామూలు రోజుల్లో పాత ఇనుము కొంటామని అరుచుకుంటూ తిరుగుతాడు. హైసమ్ అతని చేతికి పన్నెండు వరసలు రాసిన కాగితం ఇచ్చాడు.

ఫర్ఘలీ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. "ఇదంతా చదివేలోపు వీధి అయిపోతుంది బాబూ. 'చిన్నారుల ఆటపాటల కోసం' అని ఇక్కడెందుకు? అరూసా అంటే చాలదా? జనానికి ఆమాత్రం తెలీదా?"

"నీ ఇష్టం. మంచం, బీరువా మాత్రం వదలకు. అదే మన కొత్త సరుకు."

"అవి ఎలా వదుల్తాను!" అని ఫర్ఘలీ బండెక్కాడు. మా వీధిలో తిరిగి లాభం లేదని, రైలు పట్టాలు దాటి అవతలి పేటలకీ, అటునుంచి మహల్లత్ రూహ్ దాకా పల్లెలకీ పోయాడు. అక్కడ ఉకాషా ఎవరో ఎవరికీ తెలీదు. పొద్దున తొమ్మిదింటికల్లా అతని గొంతు ఆ పల్లెలన్నీ చుట్టేసింది.

"అరూసా! హాజీ ఉకాషా ఇంటి అరూసా! ఈ ఏడు ఒంటరిగా రాదు! పడకగది, బీరువా, ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, అంతా అసలు దిమ్యాత్ చెక్క! మొత్తం కలిపి నాలుగొందల యాభై పౌన్లు! నచ్చకపోతే మూడు రోజుల్లో మార్చి ఇస్తాం!"

*

అందరికంటే ముందు వచ్చింది ఉమ్ సాబిర్. వెంట కొడుకు సాబిర్ ఉన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, ప్లంబరు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తలకి నూనె రాసుకుని, పెళ్లిచూపులకి వచ్చినట్టు నేల చూస్తూ నిలబడ్డాడు. వాడి లెక్కలో అవి పెళ్లిచూపులే.

"హాజీ ఉకాషా అంటే తమరేనా?"

"నేనేనమ్మా. కూర్చో."

"అరూసా ఉందని మైకులో చెప్పారు."

"ఉంది. బోలెడున్నాయి. ఎలాంటిది కావాలి?"

ఉమ్ సాబిర్ కొడుకు వైపు చూసింది. కొడుకు ఇంకా నేలే చూస్తున్నాడు. "తెల్లగా, కాస్త నిండుగా ఉంటే చాలు హాజీ. మాకు పెద్ద కోరికల్లేవు."

"అన్నీ తెల్లగానే ఉంటాయి. ఎండ తగిలితే మాత్రం కాస్త పసుపు తిరుగుతాయి."

"మేం ఎండలో పని చేయించం. మా ఇల్లు నీడపట్టునే ఉంటుంది. ఎత్తో?"

"మూడు సైజులున్నాయి. పెద్దదైతే బీరువా మీద కూర్చోబెట్టచ్చు."

"బీరువా మీద ఎందుకు కూర్చోబెడతాం?"

"అందరూ అక్కడే పెడతారమ్మా. పిల్లలకి అందకుండా."

ఉమ్ సాబిర్ కాస్త వెనక్కి జరిగింది. "పిల్లలంటే పడదా ఏమిటి? అంత కోపమా?"

"కోపమా! ఒక్క మాట మాట్లాడదు. ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది."

"అసలే మాట్లాడదా?"

"ఒక్క ముక్క."

ఉమ్ సాబిర్ కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకుంది. హాజీ ఉకాషాకి ఆమె భక్తి నచ్చింది. బేరం తెగేలా ఉందని ఇంకో మాట కలిపాడు. "పోయినేటివి కూడా కొన్ని మిగిలాయి. వాటికైతే తగ్గిస్తాను. గౌను కొంచెం నలిగింది, అంతే. మిగతా అంతా కొత్తదే."

ఉమ్ సాబిర్ కొడుకు చెవిలో "విడాకులైనవాళ్ళనుకుంటా" అంది. పైకి మాత్రం మర్యాదగా, "వద్దు హాజీ, మా వాడికిది మొదటిసారి. కొత్తదే ఇప్పించండి. మరి మూడు రోజుల్లో మార్చుకోవచ్చని అన్నారు..."

"అది మావాడు పెట్టిన రూలు. నాకు సుతరామూ ఇష్టం లేదు. ఒకసారి మీ ఇంటికి వెళ్ళిన అరూసాని నేను వెనక్కెలా తీసుకుంటాను?"

"మాటంటే అదీ! పెద్దమనిషి అనిపించుకున్నారు."

"ఒకటి చాలా? ఎక్కువ కావాలంటే చెప్పు. బయటి ఊళ్ళవాళ్ళకి డజను చొప్పున ఇస్తున్నాం."

"డజనా!" ఉమ్ సాబిర్ గుండె మీద చెయ్యేసుకుంది. "నాలుగు దాటితే షరియత్ ఒప్పుకోదు కదా హాజీ!"

"షరియత్‌కీ దీనికీ ఏం సంబంధం? పోయినేడు మా ఇమాం గారే ఆరు పట్టుకెళ్ళారు. ఒకటి మాత్రం దారిలోనే విరిగిపోయింది, పాపం."

అప్పుడు సాబిర్ మొట్టమొదటిసారి తలెత్తాడు.

ఈ సంభాషణ ఎక్కడిదాకా పోయేదో చెప్పలేం గానీ, ఈలోపు వాకిట్లోకి ఇంకో ఇద్దరు తల్లులు వచ్చారు. తర్వాత అయిదుగురు. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకి వాకిలి నిండింది. హాజీ ఉకాషాకి ఒక పక్క సంతోషం, ఒక పక్క అయోమయం. నలభై ఏళ్ళలో బొమ్మలు కొనడానికి వచ్చిన తల్లుల వెనకాల పిల్లలుంటారు. వీళ్ళ వెనకాల మీసాలున్నాయి. ఒకాయన అయితే పూలగుత్తి పట్టుకొచ్చాడు.

కిటికీలోంచి తఫీదా కూడా చూస్తోంది. "ఒక్క పిల్ల కూడా లేదేమే బద్రియ్యా?" అని అడిగింది పక్కన కుడుతున్న ఆమెని. బద్రియ్యాకి ముప్ఫై రెండేళ్ళు. ఆ గదిలో అందరికంటే మంచి చెయ్యి ఆమెదే. విసనకర్రకి మడతలు ఆమె వేసినట్టు ఇంకెవరూ వెయ్యలేరు.

"పిల్లలు స్కూళ్ళకి పోయుంటారు అమ్మగారూ," అంది బద్రియ్యా. సమాధానం బాగానే ఉంది. అయినా తఫీదాకి మనసు కుదుటపడలేదు.

అంతలో పట్టాల అవతల నుంచే ఇంకో గుంపు దిగింది. వీళ్ళ వెంట కొడుకులు లేరు. వీళ్ళు ఆడపిల్లల తల్లులు. ముందు నడుస్తున్నది ఉమ్ రాజియా. వాకిట్లో అడుగు పెడుతూనే అందుకుంది.

"నువ్వేనా ఉకాషావి? దేవుడంటే భయం లేదా నీకు? మా రాజియాకి రెండేళ్ళుగా సంబంధాలు చూస్తున్నాం. మంచం ఎవరు తేవాలి, ఫ్రిజ్ ఎవరు తేవాలి అన్న దగ్గరే అన్నీ తప్పిపోతున్నాయి. నువ్వేమో అన్నీ కలిపి నాలుగొందల యాభైకి ఇచ్చేస్తావా? ఇంక మా పిల్లల మొహం ఎవడు చూస్తాడు?"

హాజీ ఉకాషాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అరిచేవాళ్ళకి సరుకు ఇచ్చి పంపడం ఆయనకి అలవాటు. "కోప్పడకమ్మా. మీ రాజియాకి కూడా ఒక అరూసాని తీసుకెళ్ళు. నేనిచ్చానని చెప్పు."

"మా రాజియాకి అరూసానా!" ఉమ్ రాజియా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే షేక్ మితవల్లీ వచ్చాడు. పెళ్లిళ్ళ రిజిస్టరు రాసేది ఆయనే. కంగారు పడ్డ తల్లి ఒకామె, మంచి అరూసాలన్నీ అయిపోతాయేమోనని ఆయన్ని ఇంటి నుంచి నేరుగా లాక్కొచ్చింది. ఆయన రిజిస్టరు తెరిచి, కళ్ళజోడు సవరించుకున్నాడు.

"అరూసా తరఫు పెద్ద ఎవరు?"

"నేనే," అన్నాడు హాజీ ఉకాషా.

"ఏ అరూసాకి?"

"అన్నిటికీ నేనే."

"మొత్తం ఎంతమంది?"

"మూడొందలు. మెట్ల మీద ఉన్నాయి. చోటు చాలక కొన్ని నా మంచం కింద పెట్టాం."

షేక్ మితవల్లీ నెమ్మదిగా రిజిస్టరు మూసి, పెన్ను మూత బిగించి, దేవుడి పేరు తలుచుకున్నాడు. గుంపులో ఎవరో ఫోను తీసి పోలీసులకి చెప్పారు.

*

స్టేషను నుంచి హెడ్డు బయూమీ వచ్చాడు. నలభైకి దగ్గర పడ్డ మనిషి. మర్యాదస్తుడు. "హాజీ, ఇక్కడ ఆడవాళ్ళని అమ్ముతున్నారని ఫిర్యాదు వచ్చింది."

"ఆడవాళ్ళు కాదు నాయనా. అరూసాలు."

"ఫిర్యాదులో ఉన్నది కూడా అదే."

"అయితే ఇబ్బంది ఏముంది? నలభై ఏళ్ళుగా అమ్ముతున్నాను. మా నాన్న కూడా అమ్మాడు. మీ స్టేషను ఎదురుగానే అమ్మాడు."

హెడ్డు జేబులోంచి పుస్తకం తీశాడు. "ఒకసారి చూపించండి."

ఈ మాట కోసమే పొద్దుట్నుంచీ కాచుకుని ఉన్న హైసమ్ పళ్ళెంలో ఒక సెట్టు పట్టుకుని లోపలి నుంచి పరిగెత్తుకొచ్చాడు. జనం మధ్య బల్ల మీద పెట్టాడు. జానెడు మంచం పరిచాడు. పక్కన బీరువా నిలబెట్టాడు. ఫ్రిజ్ తలుపు తీసి మూసి చూపించాడు. మంచం మీద తెల్ల గౌను బొమ్మని కూర్చోబెట్టి, వెనక విసనకర్రలు విప్పాడు.

ఉమ్ సాబిర్ మంచం వైపు చూసింది. తర్వాత కొడుకు వైపు చూసింది. మళ్ళీ మంచం వైపు చూసింది.

"వీడు దీనిమీద ఎలా పడుకుంటాడు?" అంది.

తర్వాత ఎవరు ఏమన్నారో వివరంగా చెప్పడం కష్టం. అందరూ ఒకేసారి అన్నారు. ఇస్త్రీ చొక్కాల గురించి, కూలి పోగొట్టుకున్న రోజు గురించి, బస్సులో పడ్డ తిప్పల గురించి. పూలగుత్తి తెచ్చినాయన దాన్ని ఎవరికివ్వాలో తెలీక హాజీ ఉకాషా ఒళ్ళో పెట్టాడు. ఆయన దాన్ని పట్టుకుని, "ఇంతకీ మీకెవరికైనా అరూసా కావాలా వద్దా?" అని అడిగాడు. ఆ మాటతో గొడవ రెట్టింపు అయింది.

అప్పుడు తఫీదా కుట్టుగది తలుపు తెరిచింది. "ఎండలో నిలబడి ఎందుకరుస్తారు? లోపలికి రండి. నీడలో కూర్చుని, టీ తాగి అరవండి."

ఆమెకి ఎవరి మీదా కోపం లేదు. పైగా లోపల సంతోషంగా ఉంది. ఇంతమంది వచ్చారు, ఒక్క సెట్టు కూడా పోలేదు. మగ్రిబ్‌కి ఇంకా నాలుగు గంటలుంది. వీళ్ళకి టీ పోసి, మంచి మాట చెప్పి ఉత్త చేతులతో సాగనంపితే గది తనదే. అందుకని పంచదార కూడా ధారాళంగా వేసింది.

తల్లులందరూ బట్టల మూటల మీద, మిషన్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. షేక్ మితవల్లీకి ఒక స్టూలు దొరికింది. హెడ్డు బయూమీ ఫిర్యాదు రాసుకోవాలి కాబట్టి గుమ్మంలో నిలబడ్డాడు. ఉమ్ సాబిర్‌కీ ఉమ్ రాజియాకీ ఒకే మూట దొరికింది.

"వీళ్ళ అరూసాలు తగలెయ్య," అంది ఉమ్ రాజియా. "మా ఇంట్లో కుళాయి కారుతుంటే బాగుచేయించే మగదిక్కు లేదు. అది మానుకుని ఇంత దూరం వచ్చాను."

"మావాడు ప్లంబరే," అంది ఉమ్ సాబిర్.

ఇద్దరూ ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు. రెండు గుక్కల టీ తాగే లోపల మాట పిల్లల దాకా వెళ్ళింది. మూడో గుక్కకి మంచం దగ్గర ఆగిపోయింది.

"మంచం మీరే తేవాలి," అంది ఉమ్ సాబిర్.

"అదెక్కడి మాట? పడకగది మగపిల్లాడిది!"

"మా పెద్దవాడి పెళ్లిలో..."

తఫీదా నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ కుట్టుపని చేసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. రెండు గుడ్డముక్కలు అంచులు కలిసి కూడా పక్కపక్కన ఊరికే పడుంటే చూడలేరు. "ఏమమ్మా, రెండేళ్ళుగా మంచం దగ్గర ఆగింది చాలదా?" అంది. "మంచం వాళ్ళు, ఫ్రిజ్ మీరు. పొయ్యి చెరి సగం. ముందు పిల్లని పిల్లాణ్ణి చూడనివ్వండి."

రాజియా బయట గోడ దగ్గరే ఉంది. తల్లి గొడవ పడుతుంటే సిగ్గేసి లోపలికి రాలేదు. సాబిర్ అప్పటికే ఆమెకి నీళ్ళగ్లాసు తెచ్చిచ్చాడు. చూపులు అయిపోయినట్టే. షేక్ మితవల్లీ అరచేతులు పైకెత్తాడు. ఇరువైపులవాళ్ళూ ఎత్తారు. ఫాతిహా చదివారు, మాట ఖాయమైంది. ఎనిమిది మంది కుట్టుపనివాళ్ళూ నాలుకలాడిస్తూ కూత పెడితే డాబా మీద పావురాలు ఎగిరిపోయాయి.

వాకిట్లోంచి హాజీ ఉకాషా తొంగిచూసి, "ఎవరికి కుదిరింది? దేనికి కుదిరింది?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు.

తఫీదా చేతులు దులుపుకుంది. అప్పుడు ఉమ్ సాబిర్ లేచింది. "కుదిరిన పిల్లకి మా వైపు నుంచి అరూసా ఇవ్వకుండా ఎలా పంపుతాం? మా ఇంట్లో ఆ ఆనవాయితీ ఎప్పుడూ తప్పలేదు. ఏదీ, ఆ మంచం బీరువా సెట్టు? అదే ఇప్పించండి. ఇంత దూరం దానికోసమే కదా వచ్చాం."

హైసమ్ గుమ్మంలోనే ఉన్నాడు, చేతిలో సెట్టుతో. "ఒకటి!" అన్నాడు మేనత్త కళ్ళలోకి చూస్తూ.

తఫీదా కూలబడింది. ఇక నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు అరగంట నిలిచింది. పక్క మూట మీద బస్సు డ్రైవరు తల్లి, టీచరు పిల్ల తల్లీ ఇద్దరూ మంచివాళ్ళే. కానీ ఇద్దరూ మొహమాటస్తులు. అసలు మాట వదిలేసి వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. తఫీదా ఎంతసేపని చూస్తుంది? ఒక్క మాట అందించింది, అంతే. ఫాతిహా, కూత, పావురాలు. హైసమ్ "రెండు!" అన్నాడు. పూలగుత్తి ఆయన హాజీ ఉకాషా ఒళ్ళోంచి తన గుత్తి తీసుకుని వచ్చి, మూడోవాడయ్యాడు. నాలుగోది తఫీదా ప్రమేయం లేకుండానే కుదిరింది. ఆమె దగ్గు వస్తే తల ఊపింది, ఇరువైపులవాళ్ళూ దాన్ని సరే అనుకున్నారు.

నాలుగు సెట్లు పోయాయి. తఫీదా కిటికీలోంచి చూసింది. ఎదురింటి గోడ మీద ఎండ ఒక జానెడు మిగిలింది. ఇంకో పావుగంట. గదిలో జనం కూడా పలచబడ్డారు. ఆ పావుగంట ఎవరూ ఎవరికీ నచ్చకపోతే చాలు.

"తల్లీ," అన్నాడు గుమ్మంలోంచి హెడ్డు బయూమీ. మధ్యాహ్నం నుంచీ ఆయన ఫిర్యాదు పుస్తకంలో ఒక్క అక్షరం రాయలేదు. నాలుగో టీ చేతిలో చల్లారిపోయింది. "తప్పుగా అనుకోకపోతే ఒకటి అడుగుతాను. ఆ మూల విసనకర్రలు మడిచే ఆమె... ఆమెకి ఎవరైనా ఉన్నారా?"

బద్రియ్యా చేతిలో మడత ఆగిపోయింది.

హైసమ్ గబగబా మెట్ల వైపు పోయి, అయిదో సెట్టు చంకన పెట్టుకుని వచ్చాడు.

తఫీదా గది వైపు చూసుకుంది. తన మిషను వైపు చూసుకుంది. "బద్రియ్యా? అయ్యో, ఆమె మీకు పనికిరాదు నాయనా. మహా కోపిష్ఠిది."

"నేను చూసేవాళ్ళందరూ కోపంలోనే వస్తారు తల్లీ. అలవాటే."

"వంట రాదు."

"పదిహేనేళ్ళుగా స్టేషను ఎదురు బండి దగ్గర తింటున్నాను. అంతకంటే ఘోరంగా వండగలదా?"

"పొద్దస్తమానం పనే. ఇంటి పట్టున ఉండదు."

"నేనూ ఉండను. ఇద్దరం లేకపోతే గొడవే ఉండదు."

షేక్ మితవల్లీ నవ్వాపుకోలేక రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తఫీదా ఇంకో తప్పు వెతికింది. బద్రియ్యాలో తప్పు దొరకడం అంత తేలిక కాదు. "ఆమె... గుర్రు పెడుతుంది," అంది చివరికి.

"అమ్మగారూ!" అంది బద్రియ్యా.

తల దించుకుని విసనకర్ర మళ్ళీ మడవబోయింది. మడత తప్పింది. పదిహేనేళ్ళలో ఆమె చేతిలో మడత తప్పడం తఫీదా ఎప్పుడూ చూడలేదు. పదిహేనేళ్ళుగా ఈ పిల్ల ఇక్కడ కూర్చుని వేల అరూసాలకి గౌన్లు కుట్టింది. ఎవరూ గుమ్మంలో నిలబడి ఆమె గురించి అడగలేదు. ఇవాళ ఒకాయన అడిగితే, తను కిటికీలోంచి ఎండ చూసుకుంటోంది.

"గుర్రు పెట్టదు," అంది తఫీదా. "నేనే పెడతాను. బద్రియ్యా, నీకు ఇష్టమేనా?"

బద్రియ్యా తప్పిన మడత విప్పి, సరిచేసి, ఆ విసనకర్ర తనే తీసుకొచ్చి హెడ్డు బయూమీ చేతిలో పెట్టింది.

"ఇంకేం చూస్తావు షేక్?" అంది తఫీదా. "ఎత్తు చేతులు. అజాన్ అవకముందే కానీ."

ఆమీన్ అనడం అయింది. బయూమీ కళ్ళు తుడుచుకుంటూ సెట్టు అందుకున్నాడు. మసీదులోంచి మగ్రిబ్ అజాన్ మొదలైంది. హైసమ్ అయిదు వేళ్ళూ చూపించాడు. తఫీదా లేచి, మిషను మీద గుడ్డ కప్పి, దీపం ఆర్పి బయటికి వచ్చింది.

వాకిట్లో హాజీ ఉకాషా కుర్చీలోనే ఉన్నాడు. "అయిదూ అమ్ముడయ్యాయిట కదా," అన్నాడు చెల్లెలితో. "ఒక్కటి మాత్రం నాకు చెప్పవే. ఆ పోలీసాయన ఎందుకు ఏడ్చాడు?"

*

శుక్రవారం కార్ఖానాకి సెలవు. శనివారం పొద్దున హైసమ్ ఇద్దరు కూలీల్ని, వంద మంచాల్ని వెంటబెట్టుకుని తను గెలుచుకున్న గది దగ్గరికి వచ్చాడు. గది ముందు నడవ నిండా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. సంబంధాల కోసం మహల్లత్ రూహ్ నుంచి రెండు వ్యాన్లు వచ్చాయని ఎవరో చెప్పారు. కుట్టుపనివాళ్ళు తమంతట తామే మిషన్లు ఎత్తుకుని డాబా మీదకి వెళ్ళిపోయారు. కింద కూర్చోడానికి చోటే లేదు మరి. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని ఉమ్ రాజియా చీటీలు పంచుతోంది.

"జరగండమ్మా. నేను లోపలికి పోవాలి," అన్నాడు హైసమ్.

"అందరూ లోపలికే పోవాలి నాయనా. వయసెంత?"

"ఇది నా గది!"

"సొంత గది ఉందన్నమాట. మంచిదే." ఉమ్ రాజియా చీటీ మీద ఏదో రాసుకుంది. వెనకాల కూలీలు మోసుకొచ్చిన వాటి మీద ఆమె చూపు పడింది. "మంచాలు కూడా తెచ్చుకున్నావే! నీకు సంబంధం తొందరగానే కుదురుతుంది. ఉద్యోగం ఏమిటి?"

"అత్తా!" అని లోపలికి అరిచాడు హైసమ్. "నేను గెలిచానత్తా!"

"గెలవలేదని ఎవరన్నార్రా?" తఫీదా గొంతు లోపలి నుంచే వచ్చింది. "గది నీదే. ఖాళీ అవగానే ఇచ్చేస్తాను. ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టమ్మా ఉమ్ రాజియా, మనవాడే. అయినా సరే, ముందు వచ్చినవాళ్ళే ముందు."

హైసమ్‌కి పద్నాలుగో నంబరు చీటీ వచ్చింది. కామర్సు చదివినవాడు కాబట్టి, దాని మీద ముద్ర వేయించుకుని మరీ కూర్చున్నాడు.